పడ్డవాళ్లని సరే, ఎక్కినవాళ్లని ఎవరు లెక్కపెట్టారు సార్?

గుట్టల బాధ్యత చూసే రెవెన్యూ, అటవీ, పర్యాటక శాఖల అధికారులకి, హైదరాబాద్ చుట్టుపక్కల క్లైంబింగ్ గ్రూపుల అడ్మిన్లకి,

నమస్తే. నేను వారంలో ఆరు రోజులు ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తా, ఏడో రోజు గుట్ట మీద ఉంటా, పదకొండేళ్లుగా ఇదే వరస. ఇది మొదట అర్జీగా రాసిందే. రెండు సోమవారాలు ప్రజావాణిలో లైన్లో నిలబడి ఇచ్చాం, రసీదు చేతికొచ్చింది, జవాబు మాత్రం రాలేదు, మూడోసారి వెళ్తే అది మా సెక్షన్ కాదన్నారు. ఏ సెక్షనో ఎవరూ చెప్పలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా పెడుతున్నా.

విషయం ఏంటంటే, పోయిన వానాకాలం మేం ఎక్కే ఒక గుట్ట మీద ఒక కుర్రాడు పడ్డాడు. నాచు పట్టిన బండ, పొద్దున్నే జల్లు పడింది, ఎక్కకూడని రోజు ఎక్కాడు, మడమ విరిగింది. ఒక వాట్సాప్ క్లైంబింగ్ గ్రూపులో చూసి వచ్చాడు. వారం తిరక్కుండా గేటుకి గొలుసు పడింది, పక్కన బోర్డు, ఆన్‌లైన్ గ్రూపుల ద్వారా వచ్చేవారికి ప్రవేశం లేదని. అడగడానికి వెళ్తే ఒక ఆఫీసర్ గారు కూర్చోబెట్టి టీ తాగించి మరీ చెప్పారు, "ఈ ఆన్‌లైన్ గ్రూపులోళ్లకే యాక్సిడెంట్లు ఎక్కువయ్యా, ఊరోళ్లు ఎన్నడన్నా పడ్డారా?" అని.

ఆ మాటకి కోపమొచ్చింది, ఒప్పుకుంటా. కానీ ఇంటికొచ్చాక నిజమేనేమో అని డౌట్ కూడా వచ్చింది. గ్రూపులో ఉన్నోళ్లకి నిజంగానే ఎక్కువ దెబ్బలు తగులుతున్నాయా? ఎవరి దగ్గరుంది ఆ లెక్క? కొన్ని నెలలు వెతికాను. ఎవరి దగ్గరా లేదు సార్, మీ దగ్గరా లేదు, మా దగ్గరా లేదు. లేని లెక్క మీద గొలుసు వేశారు అన్నదే నా ఫిర్యాదు మొత్తం. మిగతాదంతా దానికి వివరమే.

1. మీరు పడ్డవాళ్లని లెక్కపెట్టారు, ఎక్కినవాళ్లని లెక్కపెట్టలేదు. ఎవరెస్ట్ మీద ఇప్పటిదాకా 300 మందికి పైగా చనిపోయారు, నేపాల్‌లోనే ఉన్న అన్నపూర్ణ అనే ఇంకో కొండ మీద 70 మందికి కొంచెం పైన. ఆ రెండు అంకెలే చూస్తే ఎవరెస్టే ప్రమాదం అనాలి. కానీ కొండలెక్కేవాళ్లలో ఎవరినడిగినా అన్నపూర్ణ పేరు వింటేనే ఒక్క క్షణం ఆగుతారు, ఎందుకంటే ఎవరెస్ట్ శిఖరం వేలసార్లు ఎక్కారు, అన్నపూర్ణ శిఖరం దాకా వెళ్లింది వందల్లోనే. ఈ తేడా మనకెలా తెలిసిందంటే కఠ్మాండులో ఎలిజబెత్ హాలీ అని ఒక అమెరికన్ జర్నలిస్టు ఉండేవారు, 1960 నుంచి 2018లో చనిపోయేదాకా అక్కడే. నేపాల్‌కి ఏ టీమ్ వచ్చినా హోటల్‌కి వెళ్లి పలకరించేది, దిగి వచ్చాక మళ్లీ వెళ్లి ఎవరెవరు ఎక్కడిదాకా వెళ్లారు అని అడిగి రాసుకునేది, పడ్డవాళ్లనే కాదు క్షేమంగా వచ్చినవాళ్లని కూడా. ఆవిడ జీవితంలో ఒక్క పెద్ద కొండ ఎక్కలేదు. ఒక పుస్తకం, ఒక పెన్ను, పాత వోక్స్‌వాగన్ కారు, అంతే. మన గుట్ట గేటు దగ్గర కూడా ఒక వాచ్‌మన్ ఉన్నాడు, కుర్చీ ఉంది, లేనిది పుస్తకమే.

2. తలకింత లెక్క వేరు, రోజుకింత లెక్క వేరు. ఇది అకౌంట్స్ మనిషిగా చెప్తున్నా, అంకెలు ఊరికే అర్థం కావడానికి వేసుకున్నవి, నిజం లెక్కలు కావు. గ్రూపులో వంద మంది ఉన్నారనుకోండి, ఒక్కొక్కరు ఏడాదికి 40 రోజులు ఎక్కుతారు, మొత్తం 4,000 రోజులు, అందులో 4 ప్రమాదాలు. గ్రూపులో లేనివాళ్లు ఇంకో వంద మంది, ఏడాదికి 2 రోజులు సరదాకి వస్తారు, మొత్తం 200 రోజులు, 1 ప్రమాదం. తలలు లెక్కపెడితే గ్రూపు వాళ్లు నాలుగు రెట్లు చెడ్డోళ్లు. రోజులు లెక్కపెడితే వెయ్యి రోజులకి గ్రూపు వాళ్లకి 1, బయటివాళ్లకి 5. అదే గుట్ట, అదే ప్రమాదాలు, తీర్పు మాత్రం తిరగబడింది. నిజం లెక్క ఇలాగే వస్తుందని నేను అనట్లేదు, రివర్స్‌లో కూడా రావచ్చు. వేయకుండా తెలీదు అంటున్నా అంతే.

వేసినోళ్లు ఉన్నారు. జర్మనీలో డాక్టర్లు ఐదేళ్లపాటు ఇండోర్ వాల్స్‌కి (హాల్లో కట్టిన క్లైంబింగ్ గోడలకి) వచ్చినవాళ్లని ఒక్కొక్కరిని లెక్కపెట్టి 2013లో అచ్చేశారు, 5,15,337 సార్లు జనం వచ్చారు, గాయాలు 30. గోడ ఎక్కడం, బండ ఎక్కడం ఒకటి కాదు, అక్కడ కింద మెత్తటి పరుపు ఉంటుంది, తేనెటీగలు ఉండవు. నేను చూపిస్తున్నది ఆ మొదటి అంకె. ముప్ఫై మందికి గాయాలు అని మాత్రమే పేపర్లో వస్తే మనమేం అనుకునేవాళ్లం?

3. గ్రూపులో పడితే కనిపిస్తుంది, ఊళ్లో పడితే కనిపించదు. మా వాడు పడ్డ పది నిమిషాల్లో వీడియో మూడు గ్రూపుల్లో తిరిగింది, సాయంత్రానికి ఒక యూట్యూబ్ ఛానల్ వాడు ఎర్ర బాణం గుర్తు పెట్టి వేశాడు. అదే గుట్ట మీద సీతాఫలాల సీజన్‌లో కాయలు కోయబోయి జారినవాళ్లు, మేక వెనకాల ఎక్కి పడ్డవాళ్లు, మందు తాగి సెల్ఫీ దిగుతూ పడ్డవాళ్లు ఎంతమంది అని ఊళ్లో పెద్దాయన్ని అడిగితే వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో "ఇవన్నీ ఎవరు రాస్తరు బిడ్డా" అని నవ్వేశాడు. ఆఫీసర్ గారు ఊరోళ్లు ఎన్నడన్నా పడ్డారా అన్నారు కదా, పడ్డారు సార్, పోస్టు పెట్టలేదు.

పై స్థాయి రికార్డుల్లో కూడా ఇదే పరిస్థితి. గుట్ట మీద ఎవరైనా చనిపోతే పోలీసులు ఇదివరకు సీఆర్పీసీ 174 కింద, ఇప్పుడు ఆ చట్టం స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 194 కింద అసహజ మరణం కేసు రాస్తారు. ఏటా వచ్చే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) ప్రమాద మరణాల పుస్తకంలో ఆ మనిషి ఎత్తు నుంచి పడినవాళ్లలో కలిసిపోతాడు, బిల్డింగ్ సెంట్రింగ్ మీద నుంచి జారిన మేస్త్రీ పక్కన. తాడు ఉందా, హెల్మెట్ ఉందా, ఒక్కడే ఉన్నాడా అన్న వరుస దాంట్లో లేదు.

4. గొలుసు వేశాక ఏమైందో చెప్తా, ఇది మీరు శ్రద్ధగా చదవాలి. ఎక్కడం ఆగలేదు. గేటు వైపు తాడు తగిలించడానికి బోల్టులు, యాంకర్లు బిగించి ఉన్న బండ వదిలేసి వెనక వైపు ముళ్లకంచె దాటి, ఎవరూ చూడకముందే అని తెల్లారగట్ల, హెల్మెట్లు తాళ్లు కనిపిస్తే దొరికిపోతామని కొన్నిసార్లు అవి కూడా లేకుండా వెళ్తున్నారు. అటువైపు కొండ తేనెటీగల పట్లు ఉన్నాయి, ఒక్క రాయి కదిలితే చాలు. ఈమధ్య అక్కడే ఒకబ్బాయి మోచెయ్యి పోగొట్టుకున్నంత పని చేసుకున్నాడు. వాడు మమ్మల్ని 108కి ఫోన్ చెయ్యనివ్వలేదు. ఆటోలో హాస్పిటల్‌కి తీసుకెళ్తుంటే దారంతా మాలో మాకు ఇదే చర్చ, ఏం చెప్పాలని. బైక్ మీద నుంచి పడ్డా అంటే మెడికో లీగల్ కేసు అంటారు, పోలీసులొస్తారు. చివరికి ఇంట్లో మెట్ల మీద జారాను అని రాయించాడు. నేను పక్కనే ఉన్నా, నోరు మెదపలేదు, తప్పే. సో ఇప్పుడు మీ లెక్క ప్రకారం ఆ గుట్ట మీద గొలుసు తర్వాత ప్రమాదాలు సున్నా. గొలుసు పనిచేసింది అని ఫైల్‌లో రాసుకుంటారు కూడా.

5. అబద్ధం చెప్పడానికి ఇంకో కారణం ఇన్సూరెన్స్. హెల్త్ పాలసీల స్టాండర్డ్ మినహాయింపుల్లో ప్రమాదకర క్రీడలు అని ఒకటుంది, రాక్ క్లైంబింగ్ పేరు పెట్టి మరీ ఉంది, కానీ ఆ వాక్యంలో ప్రొఫెషనల్‌గా పాల్గొంటే అని కూడా ఉంది. ఆదివారం సొంత డబ్బుతో ఎక్కేవాడు ప్రొఫెషనల్ ఎలా అవుతాడు? ఆ ఒక్క పదం జనానికి తెలీదు, క్లెయిమ్ డెస్క్‌లో కూర్చున్నవాళ్లు కొందరు అక్కడిదాకా చదవరు. (మీ పాలసీ కాగితం మీరే ఒకసారి తీసి చూడండి, ఒక్కోదాంట్లో ఒక్కోలా ఉంటుంది, యాక్సిడెంట్ పాలసీలు మళ్లీ వేరే.)

6. నష్టం ఎవరికి? నాలాంటి మగాడికి పెద్దగా లేదు, ఇంకో గుట్ట చూసుకుంటా, బండలకేం కొదవ ఇక్కడ. కానీ మా గ్రూపులో ఆడపిల్లలు ఉన్నారు, వాళ్లలో చాలామందికి గ్రూపు లేకపోతే గుట్టే లేదు. ఒక్కర్నే పంపరు ఇంట్లో, పంపినా నిర్మానుష్యంగా ఉన్న చోట ముక్కూ మొహం తెలియని ఇద్దరితో తాడు కట్టుకోమని ఎలా చెప్తాం, పదిమంది ఉన్నారు, ఫోన్ నంబర్లు ఉన్నాయి, ఫలానా అక్క వస్తోంది అంటేనే వాళ్లమ్మ సరే అంటుంది. గొలుసు పడ్డ నెలలోనే నలుగురు మానేశారు. ఇంకో సంగతి, కింద టీ బండి ఆమెకి ఆదివారం గిరాకీ పోయింది. పడ్డవాళ్లని మంచం మీద మోసుకొచ్చే ఊరి కుర్రాళ్లకి ఎన్నడూ ఎవరూ రూపాయి ఇచ్చింది లేదు, ఎలా మోయాలో నేర్పింది లేదు. 108 అంబులెన్స్ మన హైదరాబాద్‌లో 2005లోనే మొదలైంది, రోడ్డు దాకా బ్రహ్మాండంగా వస్తుంది, రోడ్డు నుంచి బండ దాకా ఉన్న అర కిలోమీటరు ఈ కుర్రాళ్ల భుజాల మీదే.

2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ, తనతోపాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్, ఇద్దరూ గురుకులం పిల్లలే, ట్రైనింగ్ మొదలైంది భువనగిరి బండ మీద. ఆ బండకి కూడా ఇలాగే గొలుసు వేసుంటే?

7. ఇప్పుడు అడ్మిన్లూ, మీతో మాట్లాడాలి. అధికారుల మీద ఇంత రాసి మనల్ని వదిలేస్తే నాకే నచ్చదు. ఆఫీసర్ గారి మాటకి లెక్క లేదు గానీ భయపడే కారణం ఉంది.

మెక్‌కామన్ అనే ఆయన 1972 నుంచి 2003 దాకా అమెరికాలో సరదాకి మంచుకొండల్లోకి వెళ్లినవాళ్లకి జరిగిన మంచు చరియలు విరిగిపడ్డ 715 ప్రమాదాలు తీసుకుని 2004లో ఒక పేపర్ రాశాడు. ప్రమాద సూచనలు కళ్లెదురుగా ఉన్నా మనుషులు ఎందుకు ముందుకెళ్లారు అన్నది ఆయన ప్రశ్న. దొరికిన ఉచ్చుల్లో ఒకటి, గుంపులో ఒకడిని తెలిసినోడు అని మనసులో ఫిక్స్ అయిపోయి మిగతావాళ్లు ఆలోచించడం మానేయడం. ఆ తెలిసినోడికి నిజంగా తెలుసా లేదా అన్నది వేరే సంగతి, వయసు ఎక్కువైనా, గొంతు పెద్దదైనా సరిపోతుంది. ఇది చదివినప్పుడు నాకు మన గ్రూపులు గుర్తొచ్చాయి. అడ్మిన్ అంటే ఏంటి, గ్రూపు క్రియేట్ చేసినవాడు. కొత్తగా వచ్చిన పిల్లాడికి మాత్రం అడ్మిన్ అంటే గురువు. (మెక్‌కామన్ లెక్కలో కూడా ప్రమాదం జరిగినవాళ్లే ఉన్నారు, అవే ఉచ్చుల్లో పడి క్షేమంగా ఇంటికెళ్లినవాళ్లు ఎంతమందో లేదు, ఆయన పేపర్ మీద విమర్శ కూడా అదే. చూశారుగా, ఈ రోగం అన్నిచోట్లా ఉంది.)

ముక్కూ మొహం తెలియనివాడు బిలే పడుతున్నాడు (అంటే ఎక్కేవాడు పడితే ఆపడానికి కింద తాడు పట్టుకుంటున్నాడు), వాడికి వచ్చా అని అడగడానికి మొహమాటం. అడగండి. 1989లో ఫ్రాన్స్‌లోని బ్యూక్స్ అనే చోట లిన్ హిల్ అనే అమెరికన్ క్లైంబర్ నడుముకి ముడి పూర్తిగా వెయ్యకుండానే ఎక్కింది, పైకెళ్లి తాడు మీద వాలగానే 20 మీటర్లకి పైన నుంచి పడింది, చెట్టు అడ్డం రాబట్టి బతికింది. అప్పటికే ఆమె ప్రపంచంలో టాప్ క్లైంబర్లలో ఒకరు, తర్వాత 1993లో అమెరికాలోని ఎల్ కాపిటాన్ అనే నిలువు బండ మీద నోస్ రూట్‌ని మొదటిసారి ఫ్రీగా (తాడు మీద బరువు వెయ్యకుండా, చేతులూ కాళ్లతోనే) ఎక్కింది కూడా ఆమే. 2019లో బ్రాడ్ గోబ్రైట్ అనే ఇంకో పేరున్న క్లైంబర్ మెక్సికోలో రాపెల్ దిగుతూ (తాడు మీద కిందికి జారుతూ) చనిపోయాడు, తాడు చివర ఆపు ముడి లేదు. వీళ్లకే తప్పింది కాదు, మనమెంత. ముడి చెక్ చేసుకోవడానికి పది సెకన్లు పట్టదు.

ఇక కురంగణి. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా అడవిలో ట్రెక్కింగ్‌కి వెళ్లినవాళ్లు మంటల్లో చిక్కుకుని 20 మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది చెన్నై నుంచి ఒక ట్రెకింగ్ క్లబ్ ద్వారా వచ్చినవాళ్లు, మహిళా దినోత్సవం ట్రిప్. తప్పెవరిది అన్నది ఇక్కడ తేల్చను, నాకు ఆ అర్హత లేదు. మార్చిలో ఎండిన గడ్డి ఉన్న కొండ, అదొక్కటి చాలు గుర్తుపెట్టుకోవడానికి. దాని తర్వాత అక్కడి ప్రభుత్వం ఏం చేసిందో కూడా చూడండి సార్, ముందు ట్రెకింగ్ మొత్తం ఆపింది, అదే ఏడాది నిబంధనలు తెచ్చింది, 2024 అక్టోబర్‌లో 40 దారులు గుర్తించి అటవీ శాఖ గైడ్లతో తనే నడపడం మొదలుపెట్టింది. గొలుసుతో మొదలై గైడ్ దాకా రావడానికి ఆరేళ్లు పట్టింది. మనం మధ్యలో ఆ ఆరేళ్లు వేస్ట్ చేసుకోవాలా?

గ్రూపుల వల్ల మంచి జరగలేదా అంటే, మన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్‌బాబు 2015 మార్చిలో ఆండీస్‌లో ఒక్కడే వెళ్లి కనిపించకుండా పోయినప్పుడు ఆయన కోసం ఫేస్‌బుక్‌లో పేజీ పెట్టి ప్రపంచం అటు చివర వెతుకులాట కోసం పరుగులు పెట్టింది స్నేహితులే. ప్రాణం దక్కలేదు. కానీ ఆయన్ని ఇంటికి తీసుకురాగలిగారు.

8. మేం అడుగుతున్నవి ఇవి.

అధికారులకి: (అ) గేటు దగ్గర ఒక రిజిస్టర్. లోపలికి టైము, బయటికి టైము, ఎంతమంది, తాడుతోనా ఊరికే నడకా, గ్రూపుతోనా విడిగానా. ఊరివాళ్లు, టూరిస్టులు, మేం, అందరం రాస్తాం. ఒక్క ఏడాది రాయండి. (ఆ) ప్రమాదం చెప్పినవాడి మీద కేసు పెట్టకుండా, పేరు బయటికి రాకుండా రాసుకునే ఒక ఫారం, తెలుగులో. అమెరికన్ ఆల్పైన్ క్లబ్ 1948 నుంచి ప్రతి ఏడాదీ ప్రమాదాల మీద పుస్తకం వేస్తోంది, ఏం జరిగింది, ఎందుకు జరిగింది అని, తిట్లు ఉండవు. మన కేంద్ర పర్యాటక శాఖ 2018 సాహస పర్యాటకం గైడ్‌లైన్స్ ఉన్నాయి, అవి తిరగేసినా మీకు సగం ఫారం తయారవుతుంది. (ఇ) గొలుసు తీసి షరతులు పెట్టండి. వాన పడ్డ రోజు బంద్, తేనెపట్టు ఉన్న వైపు బంద్, హెల్మెట్ లేకపోతే వెనక్కి పంపండి, మేమే థాంక్స్ చెప్తాం. (ఈ) స్ట్రెచర్ ఒకటి ఊరి పంచాయతీలో పెట్టండి, కుర్రాళ్లు ఆరుగురికి ట్రైనింగ్, పిలిచిన రోజు కూలి. ట్రైనింగ్ మా సీనియర్లు ఫ్రీగా ఇస్తారు, స్ట్రెచర్‌కి చందా కూడా వేసుకుంటాం, తాళం మాత్రం మాకు ఇవ్వకండి, ఊరివాళ్లకే ఇవ్వండి.

అడ్మిన్లకి: (అ) యాక్సిడెంట్ పోస్టులు డిలీట్ చెయ్యడం ఆపండి. గ్రూపు పేరు పోతుందని మీరు డిలీట్ చేసిన ప్రతి పోస్టూ ఇంకో పిల్లాడికి తెలియాల్సిన సంగతి, ఇందులో నేనూ దోషినే, రెండు సార్లు డిలీట్ చెయ్యమని అడిగాను. (ఆ) ప్రతి ఆదివారం ఎంతమంది వచ్చారు, ఎన్ని గంటలు, ఏం జరిగింది, తృటిలో తప్పినవి ఏంటి, నాలుగు లైన్లు. (ఇ) కొత్తవాళ్లకి బిలే టెస్టు పాస్ అయ్యేదాకా తాడు ఇవ్వొద్దు, ఎవరి తమ్ముడైనా సరే. (ఈ) లొకేషన్ పిన్ అందరికీ కనిపించేలా పెట్టొద్దు.

ఏడాది తర్వాత రెండు పుస్తకాలు, మీదీ మాదీ, పక్కపక్కన పెట్టి చూద్దాం. గ్రూపు వాళ్లకే ఎక్కువ ప్రమాదాలు అని తేలితే మా గ్రూపు నేనే మూయిస్తా, ఈ మాట అడ్మిన్‌ని అడిగే రాస్తున్నా (ఆయన కొంచెం ఆలోచించి సరే అన్నాడు).

మా వైపు రిజిస్టర్ ఈ ఆదివారం నుంచి మొదలైంది, రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్, ప్రస్తుతానికి టీ బండి ఆమె దగ్గర ఉంది. మొదటి పేజీలో మోచెయ్యి కుర్రాడు తనది తనే రాశాడు, మెట్లు అని కాదు, వెనక వైపు బండ అని, హెల్మెట్ లేదు అని కూడా. వచ్చే సోమవారం జిరాక్స్ తీసుకుని మళ్లీ ప్రజావాణికి వస్తున్నాం, దయచేసి ఈసారి ఏ సెక్షనో చెప్పండి.

ఇట్లు,
మీ గుట్ట మీద ఆదివారం కనిపించే ఒక అకౌంటెంట్
(పేరు, ఫోన్ నంబర్ మీ దగ్గరున్న రెండు అర్జీల్లోనూ ఉన్నాయి)